చింతపండుతో తోమిన రూపాయి

హనుమకొండలో నన్ను మణక్క అంటారు. చౌరస్తా వెనక సందులో ఉన్న పాత నాణేల దుకాణంలో నా ఉద్యోగమంతా గడిచింది. అమ్మడం, కొనడం యజమాని పని. వచ్చిన నాణెం ఏ కాలందో, అసలుదో నకిలీదో, పోగుచేసేవాళ్లకు ఎంత విలువైందో చూసి చెప్పడం నా పని. పోయిన ఏడు దుకాణం మెట్లు ఎక్కడానికి మోకాళ్లు ఒప్పుకోక మానేశాను. అయినా ఆదివారం వస్తే ఇల్లే దుకాణం అవుతుంది. నాణేల పిచ్చి పట్టిన కాలేజీ పిల్లలు వస్తారు, ఒక బ్యాంకు అమ్మాయి వస్తుంది, ఒక పళ్ల డాక్టరు వస్తాడు. "అక్కా, నువ్వు చెప్పేవన్నీ ఎక్కడన్నా రాసి పెట్టరాదు" అని వాళ్లు ప్రాణం తీస్తుంటే కూర్చున్నాను.

కొత్తగా వచ్చిన ఎవరికైనా నేను మొదట చెప్పే మాట ఒకటే. తోమకండి.

మన ఇళ్లల్లో పాతది ఏది కనిపించినా ముందు చేతికి తగిలేది చింతపండు. ఇత్తడి చెంబుకు చింతపండు, రాగి బిందెకు చింతపండు, దేవుడి దీపాలకు చింతపండు. అదే చేత్తో తాతల నాటి నాణేన్ని కూడా తోమి, ధగధగలాడించి, తమలపాకులో పెట్టుకొని మరీ నా దగ్గరికి తెచ్చేవాళ్లు. "మురికితోని తెస్తే మీరేమనుకుంటరో అని" అని మర్యాద ఒకటి. నాణెం మీద ఏళ్ల తరబడి పట్టిన నలుపు మురికి కాదు. అది దాని వయసు. వెండి మీద పొగరంగు, రాగి మీద ముదురు గోధుమ రంగు ఒక్క రోజులో రావు. ఆ పొర పోతే నాణెం పోదు కానీ దాని విలువలో పెద్ద ముక్క పోతుంది. పోగుచేసేవాడు తోమిన నాణేన్ని దూరం నుంచే గుర్తుపట్టి మొహం చిట్లిస్తాడు.

నా జన్మలో చింతపండు మీద ఇంత కోపం పెంచుకున్నాను కదా, ఒక్కసారి మాత్రం చింతపండు తరఫున వకాల్తా పుచ్చుకొని డోర్నకల్ దాకా పోవాల్సి వచ్చింది. ఈ రాత ముఖ్యంగా ఆ సంగతి చెప్పడానికే. కానీ అది అర్థం కావాలంటే నాకు పని నేర్పిన మనిషి గురించి ముందు చెప్పాలి.

మొయిన్ సాబ్ రొట్టెలు

దుకాణం యజమాని మొయిన్ సాబ్. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఇస్త్రీ చెడని కుర్తాలో ఉండేవాడు. కోపం వస్తే ఉర్దూ, సంతోషం వస్తే తెలుగు. మాది కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇల్లు. ఇంటర్ అయ్యాక లెక్కలు రాయడానికని ఆ దుకాణంలో చేరాను. మగవాళ్లు కూర్చునే దుకాణంలో ఆడపిల్ల ఏమిటని మా నాయన తరఫు వాళ్లు గొణిగారు. మా నాయన మాత్రం "పైసలు లెక్కపెట్టే పనే కదా, మన దగ్గర లేనియి అక్కడన్న చూస్తది" అని పంపాడు.

లెక్కల పని పొద్దున్నే అయిపోయేది. మిగతా పొద్దంతా నేను బల్ల మీద నాణేల వంక చూస్తుంటే మొయిన్ సాబ్ గమనించాడు. ఒకరోజు హాలి సిక్కా రూపాయలు ఒక పిడికెడు తీసి నా ముందు పోశాడు. నిజాం కాలంలో యంత్రాలు రాకముందు చేత్తో అచ్చుకొట్టిన వెండి రూపాయలివి. మందంగా, వంకరటింకరగా ఉంటాయి. వాటిలో ఒకటి నా అరచేతిలో పెట్టి, కళ్లు మూసుకొని తడమమన్నాడు. తరవాత దాన్ని మిగతా వాటిలో కలిపేసి, "ఇగ నీదేదో తియ్యి" అన్నాడు.

నేను తప్పు తీశాను. మళ్లీ కలిపాడు. మళ్లీ తప్పు తీశాను.

"అన్నీ ఒక్కతీరుగనే ఉన్నయి సాబ్" అన్నాను ఉక్రోషంగా.

"మీ అమ్మ చేసిన రొట్టెలు రెండు ఒక్కతీరుంటయా బేటీ?"

"ఉండవు."

"ఇవి గూడ రొట్టెలే. చేత్తోని చేసినయి. ఒకదాని అంచు ఒకదానికి రాదు. అచ్చు మీద రాత చదవడం కితాబుల నేర్చుకోవచ్చు. అంచు చదవడం ఏలితోనే నేర్చుకోవాలె."

పది రోజులో పదిహేను రోజులో పట్టింది గానీ, తరవాత కళ్లు మూసుకొని నా రూపాయిని నేను తీయడం మొదలుపెట్టాను. జంపఖానా నేసేవాళ్ల ఇంట్లో పుట్టినదాన్ని, పోగు లావో సన్నమో వేలితోనే తెలిసిన దాన్ని. ఆ విద్య ఇక్కడ పనికొచ్చింది. ఇప్పటి పిల్లలు నాణెం చేతికివ్వగానే ఫోనుతో ఫొటో తీసి అందులో వెతుకుతారు. వెతకండి, తప్పు లేదు. కానీ ముందు అంచుల దగ్గర రెండు వేళ్లతో పట్టుకొని, తిప్పి, ఒక నిమిషం ఊరుకోండి. పోతపోసిన నకిలీకి అంచు మీద సన్నని అతుకు గీత తగులుతుంది. భూతద్దంలో చూస్తే చిన్న చిన్న బొబ్బలు కనిపిస్తాయి. ఫొటోలో ఇవేవీ కనపడవు.

మొయిన్ సాబ్ బల్ల అద్దం కింద ఒక మొఘలుల నాటి రూపాయి ఎప్పుడూ ఉండేది. వయసులో ఉన్నప్పుడు ఆయనే నిమ్మకాయతో తోమి పాడు చేసుకున్నదట. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ అది చూపించి, "దీని జిల్ద్ నేనే ఒలిచిన" అనేవాడు. జిల్ద్ అంటే చర్మం. అలా చెప్పుకోవడానికి సిగ్గుపడేవాడు కాదు. ఆయన దగ్గర నాకు బాగా నచ్చిన గుణం అదే.

ఆయన నియమం ఇంకొకటి ఉంది. నాణెం మన దుకాణానికి రావాలి, మనం నాణెం ఇంటికి పోకూడదు. ఇంటికి పోతే చాయ్ తాగాలి, చాయ్ తాగితే మొహమాటపడాలి, మొహమాటపడితే అబద్ధం చెప్పాలి. ఈ నియమాన్ని నేను ఒక్కసారే తప్పాను.

బియ్యం గుంజే పైసా

దానికి ముందు ఒక నవ్వులాట చెప్తాను. ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఇది తప్పకుండా ఎదురవుతుంది.

కేసముద్రం వైపు నుంచి ఒక మిర్చి రైతు వచ్చాడు. వెంట తెల్ల చొక్కాల మనుషులు ఇద్దరు. దూదిలో చుట్టిన రాగి బిళ్ల బల్ల మీద పెట్టారు. ఒక వైపు హనుమంతుడు, ఒక వైపు ఏవో అంకెలు. దీనికి బియ్యపు గింజల్ని గుంజే శక్తి ఉందట. విదేశాల వాళ్లు కోట్లు ఇస్తారట. రైతు మర్నాడు తన చేను మీద అడ్వాన్సు తీసుకొని ఈ పైసాలో వాటా కొనబోతున్నాడు. నేను "ఇది పాతదే" అని ఒక మాట అంటే చాలునట.

"గుంజమనున్రి, చూస్త" అన్నాను.

తెల్ల చొక్కా ఆయన జేబులోంచి పొట్లం తీసి గింజలు చల్లాడు. నిజంగానే గింజలు జరిగి బిళ్లకు అంటుకున్నాయి. రైతు మొహం వెలిగిపోయింది. నేను పక్క కిరాణా దుకాణానికి పోయి గుప్పెడు బియ్యం తెచ్చి చల్లాను. ఒక్క గింజ కూడా కదలలేదు. వాళ్ల గింజలకు ఇనుప రజను పూశారు, బిళ్ల లోపల అయస్కాంతం దాచారు. అంతే సంగతి. "చాయ్ తాగొస్తం" అని పోయిన తెల్ల చొక్కాలు ఇప్పటికీ తిరిగి రాలేదు.

రైతు నాకు దండం పెడతాడనుకున్నాను. పెట్టలేదు. "మీరు కిరాణం బియ్యం ఏసేసరికి దాని శక్తి పోయింది" అని నా మీదే అలిగి లేచిపోయాడు. కొన్నాళ్లకు మిరపకాయల సంచి పట్టుకొని వచ్చాడనుకోండి, అది వేరే సంగతి. నేను చెప్పేదేమిటంటే, నమ్మకం మీద దెబ్బ పడిన మనిషికి రుజువు ఎదురుగా ఉన్నా కనపడదు. రుజువు మీరు చూపిస్తే పని కాదు. వాళ్ల చేత్తో వాళ్లే చూసుకునేట్టు చేయాలి. ఆ రైతు దగ్గర నేర్చుకున్న ఈ సంగతే తరవాత డోర్నకల్‌లో ఒక కోడలిని కాపాడింది.

స్వరూప వచ్చిన రోజు

స్వరూప డోర్నకల్ కోడలు. భర్త రమేశ్ రైల్వేలో పని. ఆమె దుకాణానికి వచ్చినప్పుడు పెళ్లై రెండు మూడేళ్లు అయ్యుంటుంది. చేతి రుమాలు విప్పి బల్ల మీద ఒక వెండి రూపాయి పెట్టింది. చేత్తో కొట్టిన హాలి సిక్కా. చూడగానే నా కడుపు మండింది. అద్దంలా మెరుస్తోంది. చింతపండు, ఉప్పు, బూడిద, ఇంకా ఏమేం వేసి తోమారో, రాతల మూలల్లో కూడా నలుపు లేదు.

"ఎవరమ్మ దీన్ని గిట్ల చేసింది?" అన్నాను.

ఆమె ఏడుపు అందుకుంది.

సంగతి ఇది. ఆ రూపాయి వాళ్ల అత్త లచ్చవ్వకు ఆమె అత్త ఇచ్చింది. ఆ ఇంట్లో పెళ్లయితే కుమ్మరింటి నుంచి తెచ్చిన ఐరేని కుండల్లో ముందుగా ఈ రూపాయిని వేయాలి. వేయాల్సింది ఇంటి పెద్ద కోడలు. అది వాళ్ల ఇంటి ఆచారం. మరిది పెళ్లి కుదిరింది. పెళ్లికి ముందు దేవుడి అర్ర అంతా సర్దుతూ స్వరూప, నల్లగా బొగ్గులా ఉన్న రూపాయిని చూసి, కొత్త కోడలు వచ్చే ఇంట్లో ఇదేం బాగుంటుందని తోమింది. తోమి, పాత చెక్క భరిణె మరీ మాసిందని, కొత్త స్టీలు డబ్బాలో పెట్టింది. పుణ్యానికి పోతే పాపం ఎదురైంది.

సాయంత్రం దీపం పెట్టేటప్పుడు లచ్చవ్వ డబ్బా తెరిచి చూసింది. "ఇది మా రూపాయి కాదు" అంది.

"అత్తమ్మ, నేనే తోమిన."

"మాది నల్లగుంటది. నాకు తెల్వదా? మాది బరువుంటది. ఇది ఎవలదో. మాది ఏ సేటుకిచ్చి దీన్ని తెచ్చినవ్?"

అంతే. ఆ మాట ఇంట్లోంచి గల్లీలోకి, గల్లీలోంచి చుట్టాల్లోకి పాకింది. ఇంటి లక్ష్మిని అమ్ముకున్న కోడలన్నారు. ఐరేని కుండల్ని ఈమె ముట్టడానికి వీల్లేదని లచ్చవ్వ తీర్మానించింది. నల్లా దగ్గరికి నీళ్లకు పోతే ఆడవాళ్లు మాటలు ఆపేస్తున్నారట. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అన్నట్టు, ఇంకా రాని తోటికోడలు ముందు తన పరువు ఏమవుతుందోనని ఆమె బెంగ.

"ఇది పాతదే అని ఒక కాయితం రాసియ్యున్రి అక్కా. మీ కాళ్లు మొక్కుత."

పాతదే. రాసివ్వడం నాకు ఎంతసేపు. కానీ వాళ్ల అత్త అడుగుతున్నది పాతదా కొత్తదా అని కాదు. మాదా కాదా అని. పాత రూపాయి నా దుకాణంలోనే దొరుకుతుంది, ఎవరైనా కొనుక్కోవచ్చు. ఆ మాటే చెప్పాను. స్వరూప ఇంకా గట్టిగా ఏడ్చింది. ఆమె ఇక్కడికి రావడం ఊరివాళ్లెవరో చూశారట. "చూసిన్రా, పాత పైసల దుకాణంలనే కొన్నది" అంటారు, ఇప్పుడు దానికి నేను సాక్ష్యమయ్యాను. తల ప్రాణం తోకకు రావడమంటే ఇదే.

మొయిన్ సాబ్ అప్పటిదాకా పేపరు చాటున వింటున్నాడు. పేపరు మడిచి, "పో బేటీ" అన్నాడు.

"ఇంటికి పోవద్దని మీరే అంటిరి గద సాబ్."

"కొననీకి పోవద్దన్న. జర సోంచాయించు. మన దుకాణం పేరు గూడ మునుగుతాంది. ఉత్త చేతులతోని పోకు, ఇవి తీస్కపో." సొరుగులోంచి హాలి రూపాయలు మూడు తీసి నా చేతిలో పెట్టాడు. ఎందుకో చెప్పలేదు. చెప్పనవసరం లేకపోయింది. ఆ రొట్టెల పాఠం నాకు గుర్తుంది.

డోర్నకల్‌లో

మర్నాడు రైలు దిగి ఆటోలో వాళ్లింటికి పోయేసరికి లచ్చవ్వ అరుగు మీద కూర్చొని చిక్కుడుకాయలు తుంచుతోంది. పొట్టిగా, గట్టిగా ఉంది. చూపు కొంచెం మందగించినా మాట మందగించలేదు. పక్కింటి ఆడవాళ్లు అప్పటికే గోడ మీదుగా మెడలు చాచి ఉన్నారు.

"నువ్వేనా అమ్మింది?" అంది నన్ను చూడగానే.

"నేను అమ్మలేదవ్వా. గా మాట చెప్పనీకే వచ్చిన."

"అమ్మినోళ్లు అమ్మినమని చెప్తరా?"

న్యాయమైన ప్రశ్నే. రమేశ్ ఒక కుర్చీ తెచ్చి వేశాడు. అమ్మకూ పెళ్లానికీ మధ్య నలిగి ఆ పిల్లవాడు సగమయ్యాడు. స్వరూప తలుపు చాటున నిలబడింది. నేను రూపాయి గురించి మాట్లాడటం మొదలుపెట్టాను. వెండి ఎందుకు నల్లబడుతుందో, తోమితే ఎందుకు తెల్లబడుతుందో చెప్పాను. లచ్చవ్వ చిక్కుడుకాయలు తుంచుతూనే ఉంది. బియ్యం గుంజే పైసా రైతు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. నేను చెప్తే ఈమె వినదు. ఈమె నోటి నుంచే రావాలి.

"అవ్వా, మీ రూపాయి ఎట్లుండేదో నాకు తెల్వది. నువ్వే చెప్పు" అన్నాను.

చిక్కుడుకాయలు ఆగాయి. ఇన్నాళ్లలో ఆమెను ఎవరూ ఆ మాట అడగలేదనుకుంటాను.

"ఎట్లుండుడేంది. మా అత్త చేతిల నుంచి నా చేతికొచ్చింది. పండుగ పండుగకు తీసి పసుపు నీళ్లు చల్లి మల్ల భరిణెల పెడుదును. ఎన్నేండ్లు పెట్టిననో. పసుపు రాయోలె గట్టిపడ్డది. దాంట్ల అది గూడు కట్టుకున్నట్టే. ఎడ్డెం పెడితే కూసోదు. తిప్పి తిప్పి పెడితే ఒక్క తీరుగనే కూసుంటది."

మొయిన్ సాబ్ ఉంటే లేచి గంతేసేవాడు.

"ఆ భరిణె ఏది?" అన్నాను.

లచ్చవ్వ తలుపు వైపు చూసింది. అందరం తలుపు వైపు చూశాం. స్వరూప మొహం పాలిపోయింది.

"పారేసినవా?" అన్నాడు రమేశ్.

"లేదు" అంది స్వరూప మెల్లగా. "దాన్ని గూడ తోముదామని బాత్రూంల అటుక మీద పెట్టిన. నానబెడదామనుకునేసరికి అత్తమ్మ పిలిచింది. లొల్లి మొదలైంది. మల్ల దాని దిక్కు పోలే."

ఆ సాయంత్రం లచ్చవ్వ పిలవడం కాస్త ఆలస్యమై ఉంటే, ఈ పిల్ల తన సాక్ష్యాన్ని తానే బకెట్లో నానబెట్టుకునేది. మనుషుల్ని తిట్లు కాపాడుతాయని మొదటిసారి చూశాను.

పసుపు ముద్ద

రమేశ్ పరిగెత్తి తెచ్చాడు. బ్లీచింగ్ పౌడర్ డబ్బా పక్కన ఉందట. అరచేతిలో పట్టే చెక్క భరిణె. మూత తీస్తే లోపల పసుపు, కుంకుమ గడ్డకట్టి ముదురు రంగుకు తిరిగి ఉంది. దాని నడుమ ఒక గుంట. గుండ్రంగా లేదు. ఒక పక్క నొక్కుకుపోయి, ఇంకో పక్క మొటిమలా చిన్న ఉబ్బు. దాని అంచులు మాత్రం ఎవరో చెక్కినట్టు తీరుగా ఉన్నాయి.

నేను దాన్ని ముట్టుకోలేదు. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. జవాబు తెలిసిపోయిందని చేతులు ఊరుకోవు. ఊరుకోబెట్టాలి.

నేను తెచ్చిన మూడు రూపాయలు లచ్చవ్వ చేతిలో పెట్టాను. గోడ అవతల నుంచి "ఇంకిన్ని అమ్మనీకొచ్చింది" అని ఒక గొంతు వినపడింది. లచ్చవ్వ అటు తిరిగి ఒక్క చూపు చూసింది. గోడ మీద మెడలు తగ్గిపోయాయి.

"అవ్వా, ఇవి గూడ గసువంటి రూపాయలే. గా కాలంనాటియే. ఒక్కొక్కటే భరిణెల పెట్టి చూడు."

మొదటిది పెట్టింది. పట్టలేదు, అంచు పైనే ఆగింది. తిప్పింది. ఇంకా తిప్పింది. తీసేసింది. రెండోది చిన్నదై గుంటలో కదులుతోంది. "ఇది గాదు" అంది తనకు తానే. మూడోది సగం దిగి ఒక పక్కకు ఒరిగింది. ఆమె కళ్లతో చూడటం మానేసి బొటనవేలితో తడుముతోంది. ఆ వేలు చూస్తుంటే నాకు దుకాణంలో నా మొదటి రోజులు గుర్తొచ్చాయి.

అప్పుడు స్వరూపను అడిగి ఆమె తోమిన రూపాయి తీసుకొని ఇచ్చాను.

లచ్చవ్వ దాన్ని తీసుకోవడానికి ముందు ఆలోచించింది. తీసుకొని గుంట మీద పెట్టింది. కూర్చోలేదు. స్వరూప తలుపు గట్టిగా పట్టుకుంది. లచ్చవ్వ వేలితో దాన్ని మెల్లగా తిప్పింది. కొంచెం. ఇంకొంచెం. మొటిమ లాంటి ఉబ్బు దాని చోటికి వచ్చేసరికి రూపాయి టక్కుమని లోపలికి దిగింది. ఆ శబ్దం అందరికీ వినపడింది.

లచ్చవ్వ భరిణెను బోర్లించింది. రూపాయి కింద పడలేదు. మళ్లీ తిప్పి, గోరుతో తీసి, మళ్లీ పెట్టింది. మళ్లీ దిగింది.

"జర లూజైంది" అంది.

"నలుపు పోయింది గదవ్వా" అన్నాను.

లచ్చవ్వ తప్పయిందని అంటుందేమోనని చూశాను. అనలేదు. అత్తలు అట్లా అనరు, అన్న అత్తను నేనింకా చూడలేదు. తుంచిన చిక్కుడుకాయల చేట పక్కకు పెట్టి, కొంగుతో భరిణె మూత తుడిచి, "స్వరూపా, ఇటు రా" అంది.

స్వరూప వచ్చింది. లచ్చవ్వ భరిణె ఆమె చేతిలో పెట్టి, ఆ చేతిని తన రెండు చేతులతో మూసింది.

"ఇగ నీ దగ్గర్నే ఉండనియ్యి. ఐరేని కుండలల్ల నువ్వే ఎయ్యాలె. మల్ల తోమినవంటె మాత్రం చేతులిరగ్గొడ్త."

స్వరూప ఏడుస్తూ నవ్వింది. నాకు కూడా కళ్లు చెమ్మగిల్లాయి, దాచుకోలేదు. మర్యాదగల ఆడమనిషిలా గోడ వైపు తిరిగి, "అమ్మా, అందరు చూసిన్రు గద, ఇగ గల్లీల గీ మాట గూడ చెప్పున్రి" అన్నాను.

బయలుదేరుతుంటే రమేశ్ మెల్లగా, "అక్కా, ఊకె అడుగుతాన, గిది ఎంత చేస్తది?" అన్నాడు. తోమక ముందైతే పోగుచేసేవాళ్లు ఇష్టపడి కొనేవాళ్లనీ, ఇప్పుడు వెండి ధరకు కాస్త మీద వస్తుందనీ ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"ఎవలు అమ్ముతమన్నరురా దాన్ని?" అని లోపల నుంచి లచ్చవ్వ గొంతు వచ్చింది. తరవాత నన్ను చిక్కుడుకాయ కూరతో అన్నం తినందే కదలనివ్వలేదు. మొయిన్ సాబ్ నియమం ప్రకారం తినకూడదు. తిన్నాను. పొద్దుగూకి దుకాణానికి వచ్చి ఆయనకు జరిగిందంతా చెప్తే, ఆ మూడు రూపాయలు సొరుగులో పెడుతూ, "రొట్టెలు పనికొచ్చినయా?" అని మాత్రం అడిగాడు.

ధర, విలువ

ఇప్పుడు ఫోన్లలో వీడియోలు చూసి రోజుకొకరు నన్ను అడుగుతారు. మా దగ్గర ఫలానా పైసా ఉంది, లక్షలు వస్తాయట కదా అని. రావు. అంత అరుదైనవి ఉంటాయి కానీ అవి మీ పోపుడబ్బాలో ఉండే అవకాశం తక్కువ. ఈ మాట చెప్పడం వల్ల నన్ను తిట్టుకున్నవాళ్లు చాలామంది. తిట్టుకోనివ్వండి. ఈ పనిలో ఉన్నవాడు రోజుకొకసారైనా ఎవరో ఒకరి మొహం చిన్నబుచ్చాలి. చిన్నబుచ్చలేనివాడు ఈ పనికి రాకపోవడం మంచిది. కానీ చిన్నబుచ్చేటప్పుడు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి చెప్పండి. మొయిన్ సాబ్ అట్లాగే చెప్పేవాడు. ఆయన పోయి చాలా కాలమైంది. నిమ్మకాయతో తోమిన ఆ మొఘలు రూపాయి ఇప్పుడు నా దగ్గర ఉంది.

నాణేన్ని మెత్తని ప్లాస్టిక్ కవర్లో పెట్టకండి, కొన్నాళ్లకు పచ్చగా చెమట పట్టి నాణేన్ని తింటుంది. గట్టి కాగితపు కవరు చాలు. అది ఎక్కడ దొరికింది, ఎవరింట్లో దేనిలో ఉండేది అని అడిగి తెలుసుకోండి. ఆ మనుషులు చెప్పకపోతే మీ భూతద్దం చెప్పదు. నేను చూసిన వేల నాణేల్లో ఇంతకన్నా అరుదైనవి, ఖరీదైనవి ఎన్నో ఉన్నాయి. కానీ డోర్నకల్ రూపాయి అంత బాగా ఏదీ గుర్తు లేదు.

పోయిన నెల ఒక ఆదివారం పిల్లలు ఉండగానే స్వరూప మా ఇంటికి వచ్చింది. జుట్టు సగం నెరిసింది. లచ్చవ్వ పోయి ఏండ్లయింది. స్వరూప వెంట కొత్తగా పెళ్లై వచ్చిన ఆమె కోడలు, చేతులనిండా గాజులతో. స్వరూప సంచిలోంచి అదే చెక్క భరిణె తీసి మూత తెరిచింది. రూపాయి మళ్లీ నల్లబడింది. అంచుల దగ్గర ముదురుగా, నడుమ కొంచెం పొగరంగులో, చూడముచ్చటగా ఉంది.

"చూడక్కా, మల్లొచ్చింది" అంది. పంట చేతికొచ్చిన రైతులా ఉంది ఆమె మొహం.

నాణేల పిల్లలందరూ ముందుకు వంగి చూస్తున్నారు. కొత్త కోడలు కూడా వంగి చూసి, పాపం మంచి మనసుతోనే, "అత్తమ్మ, గిది ఎంత నల్లగైందో. ఆన్‌లైన్‌ల లిక్విడ్ దొరుకుతది, రెండు నిమిషాలల్ల తెల్లగైతది. నేను తోమనా?" అంది.

పళ్ల డాక్టరు గట్టిగా దగ్గాడు. నేను నోరు తెరవబోయాను. ఇన్నేళ్ల అలవాటు, తోమకండి అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. స్వరూప నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది. భరిణె ఆ పిల్ల చేతిలో పెట్టి, తన రెండు చేతులతో మూసింది.

"తోముతె తోము బిడ్డా, అది నీ ఇష్టం" అంది. "భరిణె మాత్రం తోమకు."